127 వరసల చదరంగం

170141183460469231731687303715884105727.

ముప్పై తొమ్మిది అంకెలు. రస్ట్ లాంటి భాషల్లో కోడ్ రాసేవాళ్ళు ఈ సంఖ్యని ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు, చూసి ముందుకి పోయే ఉంటారు. 128 బిట్ల పూర్ణాంకంలో ప్లస్సా మైనస్సా అని చెప్పడానికి ఒక బిట్టు పోగా, మిగిలిన 127 బిట్లనీ ఒకట్లతో నింపితే వచ్చేది ఇదే. 127 రెండ్లని గుణించుకుంటూ పోయి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే చాలు. నాకూ ఇది చాలాకాలం ఒక ప్రహరీగోడ మాత్రమే. ఇంతకు మించితే లెక్క తిరగబడుతుంది, జాగ్రత్త అని చెప్పే గోడ.

ఇది ప్రధాన సంఖ్య అని తర్వాతెప్పుడో చదివాను. ఒకటీ, తనూ తప్ప ఇంకే సంఖ్యా దీన్ని నిశ్శేషంగా భాగించదు. ఆ సంగతి తేల్చింది కంప్యూటర్ కాదు. 1876లో ఎదువార్ లూకా అనే ఫ్రెంచి లెక్కల మాస్టారు. 1951 దాకా, అంటే డెబ్బై అయిదేళ్ళ పాటు, మనిషికి తెలిసిన అతిపెద్ద ప్రధాన సంఖ్య ఇదే. యంత్రం సాయం లేకుండా చేత్తో తేల్చినవాటిలో ఇప్పటికీ ఇదే పెద్దది.

అంత సంఖ్యకి కారణాంకాలు లేవని ఒక మనిషి ఎలా చెప్పగలిగాడు? వెతికి మాత్రం కాదు. వెతకాలంటే దీని వర్గమూలం దాకా ఒక్కో సంఖ్యతోనూ భాగించి చూడాలి. సెకనుకొకటి చొప్పున తిండీ నిద్రా మానేసి భాగించినా దాదాపు 40 వేల కోట్ల ఏళ్ళు పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళంటున్నారు. లూకాకి అప్పుడు ముప్పై నాలుగేళ్ళు.

వెతకకుండా ‘లేదు’ అనడం. నన్ను పట్టుకున్నది సంఖ్య కాదు, ఇది.

‘ఉంది’ అని చెప్పడం తేలిక, చూపిస్తే సరిపోతుంది. 2047 ప్రధాన సంఖ్య కాదు అని మీతో అంటే, మీరు నన్ను నమ్మక్కర్లేదు. 23ని 89తో గుణించి చూసుకోండి. దీన్ని పెద్ద ఎత్తున చేసినవాడు ఫ్రాంక్ నెల్సన్ కోల్. 67 రెండ్ల లబ్ధంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ప్రధానమని 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి తన జాబితాలో రాశాడు. 1903లో అమెరికా గణిత సంఘం సమావేశంలో కోల్ బోర్డు దగ్గరికి వెళ్ళి, ఆ సంఖ్యని ఒక పక్క రాసి, ఇంకో పక్క 193707721ని 761838257287తో గుణించి, రెండూ ఒకటేనని చూపించి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా వచ్చి కూర్చున్నాడని కథ. కథల్లో కొంత మసాలా ఉంటుంది గానీ గుణకారంలో ఉండదు. ఎవరైనా చేసుకోవచ్చు.

‘లేదు’ అనేదానికి ఇలాంటి సాక్షి ఉండడు. నా ఉద్యోగంలో ‘ఈ కోడ్‌లో బగ్స్ లేవు’ అని ఎవరూ రాయరు, రాసినవాణ్ణి ఎవరూ నమ్మరు. ‘టెస్టులన్నీ పాసయ్యాయి’ అంటాం. అంటే మేం వెతికిన చోట్ల దొరకలేదని. ఈ తేడాకి నేను అలవాటు పడిపోయాను. అదేమంత పెద్ద విషయంగా ఎప్పుడూ అనిపించలేదు, మూడేళ్ళ కిందటి వరకూ.

మూడేళ్ళ కిందట అమ్మకి రొమ్ము కాన్సర్ అని తేలింది. ఆపరేషను, కీమో, రేడియేషను, అన్నీ అయ్యాయి. ఇప్పుడు ఆర్నెల్లకోసారి పరీక్షలు. మొదటిసారి రిపోర్టు వచ్చినప్పుడు చివరి పేరాలో ఉన్న ‘నో ఎవిడెన్స్ ఆఫ్ డిసీజ్’ అన్న ముక్కని నేను పైకి చదివి, “ఏమీ లేదంటమ్మా” అన్నాను. అమ్మ ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పింది. కళ్ళజోడు పెట్టుకుని కాగితం తీసుకుంది.

“ఏమీ లేదని ఎక్కడుందిరా ఇందులో?”

“అదేగా...”

“ఆధారం కనపడలేదని ఉంది. కనపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఇంత చదువుకున్నావు.”

డాక్టరు గారిని అడిగితే ఆయన దాచకుండా చెప్పారు. స్కాన్‌కి ఒక హద్దు ఉంటుంది, అంతకంటే చిన్నవి దానికి కనపడవు, అందుకే మళ్ళీ మళ్ళీ చూస్తాం అని. అమ్మ తల ఊపింది. ఆవిడకి ఈ సమాధానం నచ్చింది, నా సమాధానం కంటే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పక్కగదిలో ఆవిడ హాయిగా పడుకుంది.

అసలు ‘లేదు’ అని గట్టిగా అనగలిగే చోటు ఒక్కటైనా ఉందా అని వెతుక్కుంటూ లూకా దగ్గరికి వచ్చాను. ఇంజనీరింగులో నెట్టుకొచ్చిన లెక్కల మీద అంతకుముందు నాకు పెద్ద ప్రేమేమీ లేదు.

లూకా పద్ధతి ఇది. 3తో మొదలుపెట్టండి. దాన్ని వర్గం చేసి 2 తీసేయండి. వచ్చినదాన్ని మీరు పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి, శేషం ఉంచుకోండి. ఆ శేషాన్ని మళ్ళీ వర్గం చేసి 2 తీసేయండి. అంతే. ఎన్నిసార్లు చేయాలో ముందే లెక్క ఉంటుంది. 127 రెండ్ల సంఖ్యకైతే 125 సార్లు. చివరికి సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. 3తో మొదలుపెట్టడం అన్నిచోట్లా కుదరదు, 127 లాంటి, నాలుగుతో భాగిస్తే మూడు మిగిలే ఘాతాంకాలకే కుదురుతుంది. 1930లో లేమర్ అనే అమెరికన్ దీన్ని సాపు చేసి, 4తో మొదలుపెడితే బేసి ఘాతాంకాలన్నిటికీ పనిచేస్తుందని చూపించాడు.

ఏడు రెండ్లతో చేసి చూద్దాం. ఏడు రెండ్లు 128, ఒకటి తీస్తే 127. అయిదుసార్లు చేయాలి. 3 నుంచి 7. 7 నుంచి 47. 47ని వర్గం చేసి 2 తీస్తే 2207, 127తో భాగిస్తే శేషం 48. 48 నుంచి 16. 16 వర్గం 256, రెండు తీస్తే 254. అది సరిగ్గా రెండు నూట ఇరవై ఏళ్ళు. శేషం సున్నా. 127 ప్రధానం. ఎక్కడా దాన్ని మూడుతో గానీ, ఏడుతో గానీ, పదకొండుతో గానీ భాగించి చూడలేదు.

ఇప్పుడు పదకొండు రెండ్లు: 2047. ఇదే ఆట ఆడితే 3, 7, 47, 160, 1034, 620, 1609, 1471, మళ్ళీ 160! చక్రంలో పడిపోయింది. ఇక ఎన్నిసార్లు తిప్పినా అదే అయిదు సంఖ్యల చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది తప్ప సున్నా మొహం చూడదు. అంటే 2047 ప్రధానం కాదు. 23, 89 ఎక్కడున్నాయో మాత్రం ఈ పద్ధతి చెప్పదు. ఏదో ఉందని తెలుస్తుంది, ఏముందో తెలియదు.

ఇది ఎందుకు పనిచేస్తుందో ఇక్కడ పూర్తిగా చెప్పలేను, దానికి 5 వర్గమూలంతో, 3 వర్గమూలంతో కొంచెం కుస్తీ పట్టాలి. ఫిబొనాచి సంఖ్యలతో లూకా చాలాకాలం కాపురం చేశాడు, ఆ వరసకి ఆ పేరు స్థిరపడిందీ ఆయన వల్లే. ఫిబొనాచి కంటే ముందే మన ఛందస్సువాళ్ళు, విరహాంకుడూ హేమచంద్రుడూ, మాత్రలు లెక్కపెడుతూ ఆ వరస పట్టుకున్నారని మీలో ఎవరో ఒకరు కామెంట్ పెడతారు కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో రికర్షన్ పేరుతో మనందరి ప్రాణం తీసిన హనోయి టవర్ల పజిల్ కూడా లూకాదే. 1891లో ఒక విందులో సర్వర్ చేతిలోంచి ప్లేటు జారిపడి, పగిలిన ముక్క ఎగిరి చెంపకి గుచ్చుకుంది. కొద్దిరోజుల్లో ఆ గాయం ముదిరి పోయాడు. నలభై తొమ్మిదేళ్ళు.

నేను కంప్యూటర్ మీద చేస్తే ఈ 125 మెట్లూ మిల్లీసెకను కూడా పట్టలేదు. ఆరు లైన్ల పైథాన్. లూకాకి ఒక్కో మెట్టులో ముప్పై తొమ్మిది అంకెల సంఖ్యని దానితోనే గుణించి, మళ్ళీ ముప్పై తొమ్మిది అంకెల సంఖ్యతో భాగించాలి. ఆయన ఆ భాగహారం తప్పించుకునే దారి చూసుకుని, దాన్ని చదరంగంలా వర్ణించాడు. నిలువునా అడ్డంగా 127 గళ్ళున్న బల్ల. ఒక్కో నిలువు వరస రెండు యొక్క ఒక్కో ఘాతం. గడిలో బంటు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. గుణకారమంటే బంట్ల వరసని జరిపి జరిపి కింద పేర్చడం. జరిపేటప్పుడు ఎడమ అంచు దాటిన బంటు కుడి అంచు నుంచి లోపలికి వస్తుంది, ఎందుకంటే 127 రెండ్ల లబ్ధాన్ని మన సంఖ్యతో భాగిస్తే మిగిలేది ఒకటే. ఒకే నిలువు వరసలో రెండు బంట్లు పడితే ఆ రెండూ తీసేసి ఎడమ పక్క వరసలో ఒకటి పెట్టాలి. భాగహారం అనేదే మాయమైపోయింది. ఇవాళ కూడా ఇలాంటి సంఖ్యల మీద కోడ్ రాసేవాళ్ళు చేసేది ఈ మడతే, బంట్ల బదులు బిట్లతో.

రెండోసారి రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నప్పుడు అమ్మా వాళ్ళింట్లో దీన్ని చింతపిక్కలతో ఆడాను. ఏడు గళ్ళ బల్ల, సుద్దముక్కతో గచ్చు మీద గీసి. అమ్మ కుర్చీలో కూర్చుని చూస్తోంది. చివరి మెట్టు ఆవిడకి చూపించాను. గళ్ళ విలువలు కుడి నుంచి 1, 2, 4, 8, 16, 32, 64. చేతిలో ఉన్నది 16, అంటే అయిదో గడిలో ఒక్క పిక్క. దాన్ని 16తో గుణించడమంటే నాలుగు గళ్ళు జరపడం: 32, 64, అంచు దాటి 1, తర్వాత 2. ఇప్పుడు పిక్క రెండు విలువ గడిలో ఉంది. రెండు తీసేయాలి. తీసేశాను. బల్ల ఖాళీ.

“అయితే దీన్ని ఎవరూ భాగించలేరంటావు,” అంది అమ్మ.

“ఎవరూ.”

“కనపడకపోవడం కాదు.”

“కాదు. లేవంతే.”

ఆవిడ కాసేపు ఊరుకుని, చదరంగం అన్నావు కాబట్టి అంటూ పావులూరి మల్లనదిగా చెప్పుకునే చంపకమాల అందుకుంది. చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టింపు చేసుకుంటూ పోతే అరవై నాలుగు గళ్ళలోనూ కలిపి ఎంతవుతుందో చెప్పే పద్యం. అయిదుకి బాణం, సున్నాకి ఆకాశం, ఏడుకి కొండ, ఇలా అంకెలకి బదులు మాటలు, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి. విప్పితే 18446744073709551615 వస్తుంది. 64 రెండ్ల లబ్ధంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య. లూకా సంఖ్యకి చుట్టమే, కానీ ప్రధానం కాదు. చివర 5 ఉంది, చూస్తేనే తెలిసిపోతుంది. ఘాతాంకం 64 ముక్కలవుతుంది కాబట్టి సంఖ్యా ముక్కలవుతుంది. ఘాతాంకం ప్రధానమైతేనే ఆశ, అదీ ఆశ మాత్రమే, 2047ని చూశాం కదా.

చిన్నప్పుడు ఈ పద్యం అప్పజెబుతూ ఒక మాట మార్చేస్తే “యతి పోయింది” అని పట్టుకునేది అమ్మ. అంకెలు సరిచూడకుండానే తప్పు పట్టుకోవడం నాకప్పుడు వింతగా ఉండేది. ఛందస్సు చేసే కాపలా అది. అయితే ఆ కాపలాకీ ఒక హద్దు ఉంది. పద్యంలో ‘వేద’ ఉన్నచోట ‘నాగ’ అన్నామనుకోండి. గురువూ లఘువూ అవే, యతి ప్రాసలున్న చోటు కాదు, గణం చెక్కుచెదరదు. నాలుగు కాస్తా ఎనిమిదైపోతుంది. చెవికి తెలియదు.

ఆ పద్యం లూకా లెక్కలోకి నిజంగానే వస్తుందని నాకు తట్టింది ఆ రాత్రి. చివరి మెట్టులో సున్నా రావాలంటే దాని ముందు మెట్టు వర్గానికి శేషం రెండే ఉండాలి. ఈ మడత లెక్కలో 127 రెండ్లు కలిస్తే ఒకటి, 128 రెండ్లు కలిస్తే రెండు. 128లో సగం 64. కాబట్టి సున్నాకి ముందు మెట్టులో ఉండాల్సింది 64 రెండ్ల లబ్ధమే, ధనమో రుణమో. మూడో దారి లేదు. ఏడు గళ్ళ బల్ల మీద 16 ఉన్నట్టు, 127 గళ్ళ బల్ల మీద 18446744073709551616. మల్లన సంఖ్యకి ఒకటి ఎక్కువ. కాకతాళీయమే, చదరంగానికి అరవై నాలుగు గళ్ళుండటం వల్ల కుదిరిందే. అయినా ఆ పద్యాన్ని నేనిప్పుడు వేరేగా వింటున్నాను.

లూకా 125 మెట్లు చేత్తో చేస్తూ మధ్యలో ఎక్కడైనా తప్పు చేసి ఉంటే? ఒక్క బంటు పక్క గడిలో పడి ఉంటే? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు తిప్పింది, జవాబు దొరికాక సంతోషమేసింది. మధ్యలో ఒక్క తప్పు పడితే తర్వాతి మెట్లన్నీ చెల్లాచెదురైపోతాయి. చివర్లో ఏ సంఖ్యైనా రావచ్చు, 170141183460469231731687303715884105727 అవకాశాల్లో ఒకటి. వాటిలో సరిగ్గా సున్నాయే రావడమంటే లాటరీ కూడా కాదు. కాబట్టి సున్నా వచ్చిందంటే సంఖ్య ప్రధానమనే కాదు, దారిలో తప్పు జరగలేదని కూడా ఆ సున్నాయే చెబుతోంది. ‘లేదు’ అన్న మాటకి సాక్షి ఉండడనుకున్నాను, ఇక్కడ ఉన్నాడు.

సున్నా రానప్పుడే చిక్కు. అది సంఖ్య స్వభావమా, చేసినవాడి పొరపాటా, తెలియదు. మెర్సెన్ 67 ప్రధానం కాదని లూకాయే చెప్పాడు, అదే 1876లో. కారణాంకాలు లేకుండా ఉత్త ‘కాదు’. కోల్ చేసిన గుణకారానికి అంత విలువ అందుకే. మామూలు ప్రపంచంలో ‘ఉంది’ అనేదానికి రుజువు తేలిక, ‘లేదు’కి కష్టం. లూకా బల్ల మీద అది తిరగబడింది.

నాలోని ఇంజనీరు ఇంత తేలిగ్గా ఊరుకోడు. కంప్యూటర్లో సున్నా రావడానికి లక్ష చెత్త కారణాలుంటాయి, మెమరీ ఖాళీగా ఉన్నా వస్తుంది. అందుకే 1996 నుంచి ఇలాంటి సంఖ్యలు వెతుకుతున్న జింప్స్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టులో, కొత్తది దొరికిందంటే వేరే ప్రోగ్రాములతో వేరే యంత్రాల మీద మళ్ళీ సరిచూస్తారు. ‘కాదు’ అన్న ఫలితాలని కూడా ఏళ్ళ తరబడి ఇంకో కంప్యూటర్ మీద మొత్తం లెక్క మళ్ళీ చేసి పోల్చేవారు. 2020 నుంచి పరీక్షతో పాటే ఒక ధ్రువపత్రం తయారవుతోంది. దాన్ని సరిచూడటానికి అసలు పనిలో చిన్న వంతు చాలు. 2024 అక్టోబరులో ప్రకటించిన సంఖ్య 136279841 రెండ్లది, 4,10,24,320 అంకెలు. ఇదే ప్రాజెక్టులో అంతకుముందు ఒక సంఖ్య 2015 సెప్టెంబరులో దొరికింది. యంత్రం సున్నా రాసి పంపింది. కబురు అందాల్సిన చోట సాఫ్ట్‌వేర్ తప్పు వల్ల అది ఎవరి కంటా పడలేదు. 2016 జనవరిలో ఒకరు చూసేదాకా నాలుగు నెలలు అలా పడి ఉంది. రుజువు పూర్తయింది, చదివినవాళ్ళు లేరు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది నవ్వొచ్చే సంగతి కాదు.

లూకా సంఖ్యని ఫోకెంబెర్గ్ అనే ఆయన 1914లో మళ్ళీ లెక్క చేసి సరిచూశాడు. 1951లో కేంబ్రిడ్జిలో మిల్లర్, వీలర్ ఎడ్సాక్ కంప్యూటర్ మీద దాన్ని దాటారు. దాటింది కూడా దాని భుజాలెక్కే. దాన్ని వర్గం చేసి, 180తో గుణించి, ఒకటి కలిపితే వచ్చే 79 అంకెల సంఖ్య ప్రధానమని చూపించారు. అందులోంచి ఒకటి తీసేస్తే మిగిలినదాని కారణాంకాలన్నీ తెలుసు, వాటిలో లూకా సంఖ్య ఉంది, ఆ తెలియడమే పరీక్షని తేలిక చేసింది.

ఇంకొక దారి కూడా ఉంది, అది ఎక్కడా ఆగలేదు. రెండు రెండ్లలోంచి ఒకటి తీస్తే 3, ప్రధానం. మూడు రెండ్లలోంచి తీస్తే 7, ప్రధానం. ఏడు రెండ్లలోంచి తీస్తే 127, పిక్కలతో చూశాం. నూట ఇరవై ఏడు రెండ్లలోంచి తీస్తే లూకా సంఖ్య. మరి లూకా సంఖ్య అన్ని రెండ్లలోంచి ఒకటి తీస్తే? లూకా సమకాలికుడు కాటలన్ ఈ గొలుసుని గమనించాడు. ఆ తర్వాతి సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో చెప్పడానికే ముప్పై ఎనిమిది అంకెలు కావాలి. దాన్ని రాయడానికి ఈ భూమ్మీద చోటు లేదు. లూకా పరీక్ష దాని మీద నడవాలంటే బల్ల గీయడానికే కుదరదు.

అందుకని ఇప్పుడు దాన్ని వెతుకుతున్నారు, పాత పద్ధతిలోనే. దానికి కారణాంకమంటూ ఉంటే అది ఏ రూపంలో ఉండాలో తెలుసు: లూకా సంఖ్యని ఏదో ఒక సరిసంఖ్యతో గుణించి ఒకటి కలిపినట్టు ఉండాలి. ఒక్కొక్కటే తీసి భాగించి చూస్తున్నారు. ఈ మధ్య పరీక్షకి వెళ్ళినప్పుడు ఆసుపత్రి వరండాలో ఇది చెబితే అమ్మ అడిగింది, ఏమైనా దొరికిందా అని.

“ఇంతవరకూ చూసినంతలో కనపడలేదమ్మా.”

“అలా చెప్పు,” అంది.